ఆర్వీలో తిరుగుతూ ఫార్మర్స్ మార్కెట్‌లో కూరగాయలు కొనుక్కోవడం ఎలా?

అమెరికాలో ఇల్లు ఖాళీ చేసి ఆర్వీ, అంటే చక్రాల మీది ఇల్లు, ఎక్కేశామని చెప్పిన రోజు నుంచి ఇప్పటిదాకా మమ్మల్ని ఎక్కువ మంది అడిగింది డీజిల్ ఖర్చు గురించి కాదు, బాత్రూం గురించి కూడా కాదు. "మరి కూరగాయలెక్కడ కొంటారండీ? తోటకూర, గోంగూర దొరుకుతాయా, లేక రోజూ బంగాళాదుంప వేపుడేనా?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఇదిగో, అంతా ఒకచోట రాసేస్తున్నాను.

మాది 28 అడుగుల ట్రావెల్ ట్రైలర్, దాన్ని లాగడానికో పికప్ ట్రక్కు, లోపల మేమిద్దరం, బీరువాలో సగం ఉండే ఫ్రిజ్. దగ్గర్లో ఇండియన్ స్టోర్ అన్న మాటే లేని ఊళ్లలో ఎక్కువ తిరుగుతాం. అక్కడ మాకు దిక్కు వారానికోసారి పెట్టే సంతే, అదే ఫార్మర్స్ మార్కెట్. మన రైతు బజార్లు 1999లో మొదలయ్యాయి కదా, వాటికి అలవాటుపడ్డవాళ్లకి ఇక్కడ రెండు తేడాలు కొడతాయి. అక్కడ ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, అందరి దగ్గరా ఒకటే. ఇక్కడ ఎవరి బల్ల వాళ్లది, ఎవరి ధర వాళ్లది. పైగా చాలా ఊళ్లలో వారానికి ఒక పూట, నాలుగైదు గంటలే. ఆ పూట తప్పిపోతే మళ్లీ వచ్చే వారమే, వచ్చే వారానికి మనం ఏ రాష్ట్రంలో ఉంటామో మనకే తెలీదు.

ముందే దగ్గర ఉంచుకోవాల్సినవి

- ఒక డాలరు, ఐదు డాలర్ల నోట్లు, మొత్తం ఓ 40 డాలర్లు. కార్డులు, వెన్మో (ఫోన్‌తో డబ్బు పంపే యాప్) చాలామంది తీసుకుంటారు కానీ పల్లెటూళ్లలో సిగ్నల్ అందక ఆ మెషిన్ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, వెనకాల క్యూ పెరుగుతూ ఉంటుంది.
- రెండు గుడ్డ సంచులు, టమాటాలు నలగకుండా ఒక గట్టి డబ్బా.
- చిన్న కూలర్, ఐస్ ప్యాకులు.
- ఫ్రిజ్‌లో పెట్టే థర్మామీటర్. ఐదారు డాలర్ల వస్తువు, దీన్ని మాత్రం కొనకుండా ఉండకండి.
- పాత పంచె గానీ నేత చీర గానీ చింపిన ముక్కలు, ఆకుకూరలు చుట్టడానికి. లేకపోతే పేపర్ టవల్స్.
- ఫోన్‌లో కూరగాయల ఫొటోలు. ఎందుకో కింద చెప్తాను.

1. ముందుగా మార్కెట్ ఏ రోజో చూసుకోండి, తర్వాత రూటు

అమెరికా వ్యవసాయ శాఖ, అదే యూఎస్‌డీఏ, దేశమంతా ఉన్న ఫార్మర్స్ మార్కెట్ల డైరెక్టరీ ఒకటి ఆన్‌లైన్‌లో పెడుతుంది. ఊరి పేరో జిప్ కోడో కొడితే దగ్గర్లో ఉన్నవి వస్తాయి. కానీ అందులో వివరాలు ఇచ్చేది మార్కెట్ల వాళ్లే, మార్చడం మర్చిపోతే పాత వివరాలే ఉండిపోతాయి. అది చూసి 40 మైళ్లు వెళ్తే మాకు ఖాళీ పార్కింగ్ లాట్, గడ్డి కోస్తున్న ఒక పెద్దాయన కనిపించారు. "అది పోయినేడే ఆపేశారమ్మా" అన్నాడాయన. అందుకని డైరెక్టరీలో దొరికాక ఆ మార్కెట్ ఫేస్‌బుక్ పేజీలో ఈ వారం పోస్టు ఉందో లేదో చూడండి. ఈ వారం పోస్టు లేకపోతే ఫోన్ చేయండి.

సీజన్ కూడా ముఖ్యమే. ఉత్తరాది రాష్ట్రాల్లో చాలా మార్కెట్లు మే నుంచి అక్టోబర్ దాకానే. ఫ్లోరిడాలో, దక్షిణ అరిజోనాలో దీనికి తిరగేసి, అసలు సందడంతా చలికాలంలోనే. చలికాలం దక్షిణానికి, వేసవి ఉత్తరానికి పోయే ఆర్వీ వాళ్లకి ఇది బాగా కలిసొస్తుంది.

మార్కెట్ రోజుకి ముందు రోజే ఊరు చేరి, ఆ తర్వాత కనీసం మూడు నాలుగు రోజులు అక్కడే ఉండేలా ప్లాన్ చేయండి. మొదట్లో మేం బయల్దేరే ముందు రోజు సంచుల నిండా కొనేవాళ్లం, దారిలో తింటాం కదా అని. ఆరు గంటలు ట్రైలర్ గతుకుల్లో ఊగాక పీచ్ పళ్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

2. బండి మార్కెట్‌కి తీసుకెళ్లకండి

ట్రైలరైతే క్యాంప్‌గ్రౌండ్‌లో (ఆర్వీలు ఆపుకుని ఉండే చోటు) వదిలి ట్రక్కులో వెళ్లండి. మోటర్‌హోమ్, అంటే తన ఇంజన్‌తోనే నడిచే ఆర్వీ అయితే, వెనక కట్టుకొచ్చిన కారులో వెళ్లండి. మార్కెట్లు ఎక్కువగా ఊరి నడిబొడ్డున, వీధులు మూసేసి పెడతారు. మొదటి నెలలో మాకా సంగతి తెలీక, ఒక చిన్న ఊళ్లో ట్రైలర్‌తో సహా నేరుగా మెయిన్ స్ట్రీట్‌లోకి పోయాం. ఎదురుగా బారికేడ్లు, వెనక కార్లు. ట్రక్కు, ట్రైలర్ కలిపి దగ్గర దగ్గర 50 అడుగుల బండిని మా ఆయన రివర్స్ చేస్తుంటే కాఫీ తాగేవాళ్లంతా లేచి నిలబడి సలహాలివ్వడం మొదలెట్టారు. ఆ రోజు కొత్తిమీర కట్ట కూడా కొనకుండా వెనక్కొచ్చాం.

పార్కింగ్ గ్యారేజీల జోలికి అసలు పోవద్దు. చాలావాటి ఎత్తు ఏడడుగుల చిల్లర, మన పైకప్పు మీది ఏసీతో కలిపితే పదకొండు దాటిపోతుంది.

వేరే కారు లేకపోతే దారులు ఇవి: మార్కెట్ మేనేజర్‌కి ముందు రోజు ఫోన్ చేసి పెద్ద బండి ఎక్కడ ఆపొచ్చో అడగండి, చాలామంది చక్కగా చెప్తారు. లేదా సైకిళ్లు. లేదా మార్కెట్ మానేసి నేరుగా పొలానికే వెళ్లడం. హార్వెస్ట్ హోస్ట్స్ అనే మెంబర్‌షిప్ ఉంది, ఏడాదికింత అని కడితే పొలాల్లో, వైనరీల్లో ఒక రాత్రి బండి పెట్టుకోనిస్తారు. బదులుగా వాళ్ల దగ్గర ఏదైనా కొనడం మర్యాద. కరెంటు, నీళ్లు చాలాచోట్ల ఉండవు, మీ ట్యాంకులు, బ్యాటరీలు మీరే చూసుకోవాలి. పొద్దున్నే లేచి, ఇంకా మంచు ఆరని బెండకాయలు కోసినచోటే కొనుక్కోవడం మాత్రం వేరే సుఖం.

3. ఒక చుట్టు తిరిగాకే పర్సు తీయండి

విస్కాన్సిన్‌లో మాడిసన్ అని ఊరుంది. అక్కడ రాష్ట్ర చట్టసభ ఉండే క్యాపిటల్ భవనం చుట్టూ శనివారాలు డేన్ కౌంటీ మార్కెట్ పెడతారు, 1972 నుంచి ఉంది. ఎవరు పండించింది వాళ్లే అమ్మాలి, అది రూలు. అక్కడ జనమంతా గుడి చుట్టూ తిరిగినట్టు తిరుగుతారు, కాకపోతే మన ప్రదక్షిణకి ఉల్టా, ఎడమ వైపుకి. ఎదురు నడిస్తే తోసుకుంటూ పోవాల్సిందే. నేను మొదటి బల్ల దగ్గరే చిక్కుళ్లు కొనేసి, సగం చుట్టు తిరిగాక అంతకంటే లేతవి, తక్కువకి చూసి ఏడ్చాను.

అన్ని మార్కెట్లలో ఆ రూలు ఉండదు. హోల్‌సేల్‌లో కొనుక్కొచ్చి అమ్మేవాళ్లూ ఉంటారు. పట్టుకోవడం తేలికే: జూన్‌లో మిచిగన్‌లో అరటిపళ్లు, అనాసలు అమ్ముతున్నారంటే అవి వాళ్ల పొలంలోవి కావు. పళ్ల మీద అంకెల స్టిక్కర్లు, బల్ల కింద వేరే రాష్ట్రం పేరున్న అట్టపెట్టెలు ఉన్నా అంతే. "ఇది మీరే పండించారా, ఎప్పుడు కోశారు?" అని అడగండి. పండించినవాళ్లైతే మీరు ఆపమన్నా ఆపకుండా చెప్తారు.

ఆర్గానిక్ బోర్డు లేదని వదిలేయకండి. ఆ సర్టిఫికెట్‌కి ఖర్చు, కాగితాల పని ఉంటాయి, చిన్న రైతులు చాలామంది తీసుకోరు. మందు కొట్టారా, దేనికి కొట్టారు అని సూటిగా అడిగితే సరిపోతుంది.

బేరం మాత్రం ఆడకండి. నాకూ నాలుక చివరిదాకా వస్తుంది, కానీ ఇక్కడ అది పద్ధతి కాదు, కొసరు అడగడం కూడా. చివరి అరగంటలో వెళ్తే వాళ్లే "రెండు కట్టలు తీసుకో, ఒకదానికే ఇవ్వు" అనడం మామూలే. ఆకుకూరలకైతే ఆ టైమ్ మంచిది కాదు, పొద్దుట్నుంచి ఎండలో వాడిపోయి ఉంటాయి. అన్నట్టు, చవగ్గా వస్తాయని కూడా వెళ్లకండి. చాలా పళ్లు వాల్‌మార్ట్ కంటే ఎక్కువే ఉంటాయి.

4. మన కూర వాళ్ల పేరుతో అడగండి

అందరూ బోల్తా పడేది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

గోంగూర కావాలని "సారెల్" అని అడుగుతారు మనవాళ్లు, ఎందుకంటే పచ్చడి సీసాల మీద అలాగే రాసి ఉంటుంది. రైతు ఇచ్చే సారెల్ మాత్రం మన చుక్కకూర జాతిది. పుల్లగానే ఉంటుంది, పప్పులోకి బ్రహ్మాండం, కానీ దాంతో గోంగూర పచ్చడి చేయబోతే నూనెలో పడగానే కరిగి ముద్దైపోతుంది. గోంగూరకి సరైన మాట "రోజెల్". బర్మా నుంచి వచ్చిన కుటుంబాలు దీన్ని ఇష్టంగా తింటాయి, వాళ్లు "చిన్ బౌంగ్" అంటారు. వాళ్లున్న ఊళ్లో వేసవి చివర్లో వెతకండి.

మిన్నెసోటా, విస్కాన్సిన్, కాలిఫోర్నియాలో ఫ్రెస్నో చుట్టుపక్కల హ్మాంగ్ రైతులు ఎక్కువ. లావోస్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. సెయింట్ పాల్ మార్కెట్‌లో వాళ్ల బల్లల ముందు నిలబడితే నాకు మా ఊరి సంతలో ఉన్నట్టే ఉంటుంది: కాకరకాయలు, సన్న పచ్చిమిరపకాయలు, మూరెడు పొడుగు బొబ్బర్ల కాయలు, గుత్తొంకాయకి సరిపోయే చిన్న వంకాయలు, బచ్చలి. వాళ్ల దగ్గర కాకరకాయ "బిట్టర్ మెలన్", బొబ్బర్ల కాయలు "లాంగ్ బీన్స్", బచ్చలి "మలబార్ స్పినచ్", ఆనపకాయ "ఓపో", బీరకాయ "సింక్వా" లేదా "లూఫా". పెద్దవాళ్లకి ఇంగ్లీషు అంతగా రాకపోవచ్చు. ఫోన్‌లో ఫొటోలు ఉంచుకోమన్నది అందుకే. ఒకసారి ఒక మామ్మగారికి పొట్లకాయ ఫొటో చూపిస్తే పక్కబల్ల వాళ్లని కూడా పిలిచి చూపించి, అందరూ నవ్వి, లేదని తల ఊపారు.

గంగవాయిలి కూర, కోస్తాలో పావిలి కూర అంటామే, అది మెక్సికన్ రైతుల దగ్గర "వెర్డోలాగాస్" పేరుతో కట్టలు కట్టి దొరుకుతుంది. ఇంగ్లీషులో "పర్స్‌లేన్". అమెరికన్ రైతులు చాలామందికి ఇది కలుపు మొక్క, తోటకూర కూడా అంతే. తోటకూర "అమరాంత్" పేరుతో, కరీబియన్ వాళ్ల దగ్గర "కలలూ" పేరుతో ఉంటుంది. ఎక్కడా కనిపించకపోతే కూరగాయల రైతుని "మీ పొలంలో ఈ కలుపు ఉందా?" అని ఫొటో చూపించి అడగండి. ఒకాయన మరుసటి వారం సంచెడు పీకి తెచ్చి డబ్బులే తీసుకోనన్నాడు. మందు కొట్టని చోటుదేనా అని మాత్రం అడిగి తీసుకోండి.

దక్షిణాది రాష్ట్రాల్లో ఉంటే ఒలిచిన పచ్చి బొబ్బర్లు సంచుల్లో పెట్టి అమ్ముతారు, "ఫీల్డ్ పీస్" అనాలి. వేసవి చివర జార్జియాలో "గ్రీన్ పీనట్స్" అని బోర్డు కనిపిస్తే ఆగిపోండి. అవి పచ్చి వేరుశనక్కాయలు, ఉప్పేసి ఉడకబెట్టుకోవడమే. ఆగస్టు, సెప్టెంబర్‌లలో న్యూమెక్సికోలో ఉంటే హ్యాచ్ మిర్చి కళ్లముందే గ్యాస్ మంట మీద జాలీ డ్రమ్ములో తిప్పి కాల్చి ఇస్తారు. తొక్క తీసి, టమాటాతో నూరితే రోటి పచ్చడే. బండిలో వారం రోజులు ఆ వాసన పోదు, నాకైతే అభ్యంతరం లేదు.

ఇంకోటి. ముల్లంగి, బీట్‌రూట్ కొన్నప్పుడు అడక్కుండానే ఆకు తుంచి పక్కన పడేస్తారు. "ఉంచండి" అని ముందే చెప్పండి. ఒక కట్టకి రెండు కూరలు.

5. ఎంత కొనాలి

పౌండు అంటే మన లెక్కలో 450 గ్రాముల పైచిలుకు, అది సులువే. బల్లల మీద "పెక్", "బుషెల్" అని రాసుంటే జాగ్రత్త, నాలుగు పెక్‌లు ఒక బుషెల్, బుషెల్ అంటే 35 లీటర్ల బుట్ట. "హాఫ్ బుషెల్ టమాటా చవగ్గా ఉంది" అని మా ఆయన భుజం మీద ఎత్తుకొచ్చారు, దించి చూస్తే పాతిక పౌండ్లు. మూడు రోజులు టమాటా పప్పు, టమాటా పచ్చడి, టమాటా చారు, ఆఖరికి క్యాంప్‌గ్రౌండ్‌లో మా పక్కన ఉన్నవాళ్లందరికీ పంచాం.

ఇద్దరికి మా లెక్క ఇది: ఆకుకూరలు మూడు కట్టలు, కూరగాయలు మూడు రకాలు ఒక్కో పౌండు, టమాటాలు రెండు పౌండ్లు, పళ్లు రెండు రోజులకి సరిపడా. అంతే. ఫ్రిజ్ ముందు నిలబడి ఖాళీ ఎంతుందో ఫొటో తీసుకుని వెళ్లండి, అక్కడ చేతులు ఆగనప్పుడు ఆ ఫొటో చూడండి.

స్ట్రాబెర్రీ డబ్బాని ఎత్తి అడుగు చూడండి, తడి మరక ఉంటే కింద కుళ్లినట్టే. మొక్కజొన్న పొత్తు తొక్క విప్పకండి, రైతులకి ఒళ్లు మండుతుంది. కొస దగ్గర వేలితో నొక్కితే గింజ నిండిందో లేదో తెలిసిపోతుంది. గుడ్లు కొంటే కడిగినవా కాదా అడగండి, కడిగినవైతే ఫ్రిజ్‌లోనే ఉండాలి.

6. బండికి తెచ్చాక

ఆర్వీల్లో రెండు రకాల ఫ్రిజ్‌లుంటాయి. గ్యాస్ మీద కూడా నడిచేదైతే (చాలా పాత బండ్లలో ఇదే) అది మెల్లగా చల్లబడుతుంది, బండి చదునుగా లేకపోతే సరిగ్గా పనిచేయదు. ఎండలో నుంచి తెచ్చిన పది పౌండ్ల సరుకు ఒకేసారి లోపల కుక్కితే పాలు, పెరుగు కూడా వెచ్చబడతాయి. ముందు కూలర్‌లో ఐస్ ప్యాకులతో ఒక గంట ఉంచి, తర్వాత కొంచెం కొంచెంగా మార్చండి. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌కి ఈ బాధ తక్కువ, కానీ కరెంటు లేనిచోట బ్యాటరీ మీద కన్నేసి ఉంచాలి.

ఆకుకూరలు కడక్కుండా, వేర్లు కోసేసి, పొడి గుడ్డలో చుట్టి పెట్టండి. కొత్తిమీరని గ్లాసు నీళ్లలో నిలబెట్టే చిట్కా ఇంట్లో పనికొస్తుంది, కదిలే బండిలో మొదటి మలుపుకే గ్లాసు బోర్లా పడుతుంది. టమాటాలు బయటే. ఉల్లి, బంగాళాదుంప వేరువేరు బుట్టల్లో, టేబుల్ కింద.

కడగడం ఇంకో కథ. బురదంతా సింకులో పోస్తే గ్రే ట్యాంకు (వాడిన నీళ్లు చేరే ట్యాంకు) అడుగున మట్టి పేరుకుని, సెన్సర్ ఎప్పుడూ నిండినట్టే చూపిస్తుంది. మార్కెట్ దగ్గరే మట్టి దులిపేయండి. వండే ముందు టబ్బులో నీళ్లు పోసి కడిగి, ఆ నీళ్లు గుడ్డలో వడకట్టి సింకులో పోయండి. బయట పారబోయడం చాలా క్యాంప్‌గ్రౌండ్లలో కుదరదు, అడిగి చేయండి.

సరిగ్గా చేశారో లేదో ఇలా చూసుకోండి

కొన్న రాత్రి పడుకునే ముందు థర్మామీటర్ చూడండి. 40 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 4 సెల్సియస్, దానికి లోపు ఉండాలి. పైన ఉంటే సరుకు ఎక్కువైంది, లేదా బండి వంగి ఉంది. మూడో రోజు ఆకుకూర గుడ్డ విప్పండి. కాడ విరిస్తే టప్పున విరగాలి. గుడ్డ తడిసిపోయి ఉంటే చెమ్మతో చుట్టారన్నమాట. నాలుగో రోజు చెత్తబుట్టలో ఏం పడిందో చూసి, వచ్చే వారం దాన్ని సగమే కొనండి.

7. రాష్ట్రం దాటే ముందు

కాలిఫోర్నియాలోకి వెళ్లే పెద్ద హైవేల మీద వ్యవసాయ తనిఖీ కేంద్రాలుంటాయి. పళ్లు, కూరగాయలు, మొక్కలు ఏమున్నాయని అడుగుతారు. ఆర్వీ అయితే లోపలికొచ్చి చూడొచ్చు కూడా. ఉన్నవి ఉన్నట్టు చెప్పేయండి. కొన్నిటికి పర్లేదంటారు, కొన్ని తీసుకుని పారేస్తారు. దాచి దొరికితేనే గొడవ.

ముఖ్యంగా మనవాళ్లకి: కరివేపాకు. మా వదిన టెక్సస్‌లో ఇచ్చిన కుండీని రెండేళ్లు కిటికీ పక్కన కొడుకులా పెంచాను. తనిఖీ దగ్గర ఒకమ్మాయి దాన్ని చూసి, చాలా మర్యాదగానే, తీసుకెళ్లిపోయింది. తప్పు మాదే. నిమ్మ, నారింజ చెట్లని చంపే సిట్రస్ గ్రీనింగ్ అనే తెగులుని ఒక చిన్న పురుగు మోస్తుంది, దానికి కరివేపాకు చెట్టంటే ప్రాణం. ఫ్లోరిడాలో ఆ తెగులు 2005లో బయటపడింది, తర్వాత అక్కడి నారింజ తోటలు నాశనమైపోయాయి. అందుకే ఆ పురుగున్న ప్రాంతాల నుంచి కరివేపాకు మొక్క గానీ పచ్చి ఆకు గానీ బయటికి తీసుకెళ్లడం మీద ఆంక్షలున్నాయి, కాలిఫోర్నియా దాకా రావడం కాదు, టెక్సస్ దాటించడమే మేం చేసిన తప్పు. ఇప్పుడు మొక్క పెట్టుకోవడం మానేశాం. దొరికినచోట ఆకు కొని, అక్కడే వేయించి పొడి కొట్టి సీసాలో పోస్తాను.

నిమ్మ, నారింజ కూడా అంతే, ముందే తినేయండి. దాటబోయే ముందు రాత్రి మా ట్రైలర్‌లో ఎప్పుడూ నిమ్మకాయ పులిహోరే, ఎన్ని కాయలుంటే అంత పులుపు. పిండిన చెక్కలు బండిలో చెత్తబుట్టలో వదలకుండా క్యాంప్‌గ్రౌండ్ డబ్బాలో వేసి బయల్దేరండి.